తూము మీద బల్ల

మా ఇంటి వసారా గోడకి ఒక మేకు ఉంది. పక్కనే దండ వేసిన మా మామగారి ఫొటో. ఆ మేకుకి ముప్ఫై ఏళ్ళపాటు ఒక ఇనప హ్యాండిలు వేలాడింది. మోచెయ్యంత పొడుగు, ఒక చివర నలుచదరం కన్నం, చెయ్యి పట్టేచోట అరిగి అరిగి నున్నగా మెరిసేది. నేను కాపరానికి వచ్చిన కొత్తలో అది ట్రాక్టరు సామానేమో అనుకున్నాను. కాదట. మా ఊరి పంటకాలవ ఒకచోట రెండుగా చీలుతుంది, ఒక పాయ మా చేలవైపు, ఒకటి శివారుకి, అంటే కాలవ చిట్టచివరి పొలాలకి. ఆ చీలికలో తూము, తూముకి షట్టరు. షట్టరు ఎత్తితే నీళ్ళు మాకు, దించితే శివారుకి. ఎత్తాలన్నా దించాలన్నా ఆ హ్యాండిలు తగిలించి తిప్పాల్సిందే.

తూము ప్రభుత్వానిది. దాన్ని తిప్పే లస్కరు ప్రభుత్వ ఉద్యోగి. హ్యాండిలు మాత్రం మా గోడకి. ఇదేంటండీ అని అడిగితే, మా నాన్న హయాం నుంచీ ఇక్కడే ఉంది అన్నారు మా ఆయన, అదే జవాబైనట్టు. మామగారు ఒకప్పుడు నీటి సంఘానికి అధ్యక్షులు. ఆ పదవీ పోయింది, ఆయనా పోయారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు హ్యాండిలు మిగిలింది.

దాని మహిమ తక్కువది కాదు. వానాకాలం సార్వా ఊడ్పులు మొదలైతే చాలు, తెల్లారేసరికి మా వాకిట్లో నలుగురైదుగురు నిలబడి ఉండేవాళ్ళు. నారు ఎండిపోతోందని ఒకరు, రేపు ఎరువు చల్లాలని ఒకరు. మా ఆయన తీరిగ్గా పళ్ళు తోముకుని, తీరిగ్గా కాఫీ తాగి, పేపరు రెండు పేజీలు తిప్పి, అప్పుడు తలెత్తేవారు. చూద్దాంలే అనేవారు. ఆ మాటకే వాళ్ళ మొహాలు విప్పారేవి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు కృష్ణ నీళ్ళు మా ఆయన దానం చేసేవారు. తరవాత లస్కరు వచ్చి మెట్టు కింద చెప్పులు విడిచి, రెండు చేతులా హ్యాండిలు అందుకుని, "ఎంతసేపు తిప్పమంటారు అయ్యగారూ" అని అడిగి వెళ్ళేవాడు. సాయంత్రం మళ్ళీ తెచ్చి తగిలించేవాడు. దసరాకి ఆయుధపూజ నాడు ట్రాక్టరుకీ, మోటారుకీ, కొడవళ్ళకీ పసుపు రాసి బొట్లు పెట్టి, చివరికి ఆ హ్యాండిలుకి కూడా పెట్టి, దాని ముందు కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. ప్రభుత్వం సామానుకి మా ఇంట్లో కొబ్బరికాయేమిటని నాకు నవ్వొచ్చేది. నవ్వితే మా ఆయన చూసే చూపు వేరే ఉండేది, అందుకని నవ్వేదాన్ని కాదు.

నేను హైస్కూల్లో టీచర్ని. పామర్రు దాటి నాలుగు కిలోమీటర్లు, కాలవ గట్టు మీద స్కూటరు మీద వెళ్తాను. పంట పోయిన ఏళ్ళు ఇల్లు నా జీతం మీదే నడిచింది. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు. నా నోరు మంచిది కాదని నాకు పేరు, అయినా ఆ ఒక్క మాట పదిహేనేళ్ళుగా మింగుతూనే వచ్చాను. మా ఆయన చెడ్డ మనిషని రాయడానికి కూర్చోలేదు. నన్ను ఏనాడూ చెయ్యెత్తి కొట్టలేదు. నాకు టైఫాయిడ్ వస్తే విజయవాడ ఆసుపత్రిలో వారం రోజులు కుర్చీలో పడుకున్నారు. రోజూ ఉదయం నేను స్కూటరు తీస్తుంటే వేపపుల్లో బ్రష్షో నోట్లో పెట్టుకుని గేటు దాకా వచ్చి, "గట్టు మీద జాగ్రత్త" అంటారు. ఆ మాట వినకుండా నేను బడికి వెళ్ళిన రోజు లేదు.

లస్కరు కామెర్లతో పోయాడు. ఏడాది తిరిగాక అతని భార్యకి ఆ ఉద్యోగం ఇచ్చారు. ఆడమనిషి షట్టరేం తిప్పుతుందని ఊరంతా నవ్వింది. ముప్ఫై ఐదేళ్ళుంటాయేమో, బక్కపలచని మనిషి. తలకి తువ్వాలు చుట్టి, చీర మీద భర్త చొక్కా తొడుక్కుని, సంచిలో ఒక నోటుపుస్తకం, నీళ్ళ సీసా పెట్టుకుని గట్టు మీద నడుస్తూ కనపడేది. రెండు మూడు రోజులు చూసి స్కూటరు ఆపి ఎక్కమన్నాను. వద్దండీ టీచరుగారూ అంది. ఎక్కు, ఎండ మాడుస్తోంది అన్నాను. అప్పట్నుంచి రోజూ తూము దాకా నా వెనకే వచ్చేది. నా భుజం పట్టుకునేది కాదు, వెనక కడ్డీ పట్టుకునేది.

ఇది విని నన్నేదో గొప్పదాన్ని అనుకోకండి. మా ఇంట్లో వెనకటికి చూరులో ఒక సత్తుగ్లాసు ఉండేది, ఆమె ఉండే పేటవాళ్ళు వస్తే అందులో కాఫీ. ఇప్పుడది లేదు. కాలం మారింది కదా, ఇప్పుడు కాగితం గ్లాసులు. మనం స్టీలు గ్లాసులో, వాళ్ళు కాగితం గ్లాసులో. తాగి పారేస్తే కడిగే పనీ లేదు, ఎవరూ ఏమీ అనేదీ లేదు. ఆ కాగితం గ్లాసుల ప్యాకెట్టు కొనుక్కొచ్చేది నేనే. ఆమె ఒకసారి గ్లాసు వంక చూసి, "నా సీసా ఉందండి" అని తన నీళ్ళు తను తాగింది. నాకు ఒళ్ళు మండింది. కాసేపటికి ఆ మంట ఎవరి మీదో నాకే తెలియకుండా పోయింది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బ్యారేజీ నుంచి నీళ్ళు సగానికి తగ్గించి, వంతులు పెట్టారు. మూడు రోజులు మాకు, మూడు రోజులు శివారుకి, టైముతో సహా. ఆ మర్నాడు ఆమె మా వాకిట్లోకి వచ్చింది. చెప్పులు మెట్టు కిందే విడిచింది, అది తప్పలేదు. చేతిలో కాగితం ఉంది. మా ఆయన పేపరు దించలేదు.

"హ్యాండిలు నా దగ్గరే పెట్టుకోమన్నారండి ఆఫీసులో. కాగితం ఇచ్చారు."

మా ఆయన పేజీ తిప్పారు. పనుంది, తరవాత రా అన్నారు. ఆమె కదల్లేదు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"మూడింటికి వంతు మారుద్దండి. నేనిక్కడే ఉంటాను."

గంటన్నర నిలబడింది. ఇన్నేళ్ళూ ఆ వాకిట్లో ఎంతోమంది నిలబడగా చూశాను. వాళ్ళందరూ బతిమాలుకుంటూ నిలబడ్డవాళ్ళు. ఈమె అలా లేదు, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడింది. అయ్యగారూ అనలేదని కూడా నాకు అప్పుడే తట్టింది. "అండి" తప్ప ఇంకేమీ లేదు. చివరికి మా ఆయన లేచి, మేకు మీది హ్యాండిలు తీసి, ఆమె చేతికివ్వకుండా మెట్టు మీద పడేశారు. గచ్చు పెచ్చు ఊడింది. ఆమె వంగి తీసుకుని, నోటుపుస్తకంలో రాసుకుని, మా ఆయన్ని సంతకం పెట్టమంది. ఆయన లోపలికి వెళ్ళిపోయారు. నేను పెట్టాను. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

తరవాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏం లేదు, అదే అసలు సంగతి. మా వంతు నీళ్ళు మాకొచ్చాయి. ఒక గంట తక్కువ రాలేదు. చేను ఎండలేదు, గింజ నష్టం లేదు. కానీ తెల్లవారుజామున వాకిట్లో ఎవరూ లేరు. మా ఆయన అలవాటు కొద్దీ కుర్చీ వేసుకుని కూర్చునేవారు, కాఫీ తాగేవారు, పేపరు మీంచి గేటు వైపు చూసేవారు. కుక్క తప్ప వచ్చేవాళ్ళు లేరు. నాకు జాలేసింది, నిజంగానే వేసింది. ఆ జాలి ఆయన కనిపెట్టారు. దానికి నన్ను ఈనాటికీ క్షమించలేదనుకుంటాను.

ఊళ్ళో నోళ్ళు ఊరుకుంటాయా. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా. ఇప్పుడు పెదవితో కూడా పని లేదు, ఫోనుంది. ఎవరో ఫొటో తీశారు. ఆమె తూము మీది బల్ల ఎక్కి షట్టరు తిప్పుతోంది, కింద గట్టు మీద మా ఆయన మోటారు సైకిలు దిగి పైకి చూస్తున్నారు. అంతే ఫొటో. దాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద గాజుల బొమ్మలు పెట్టారు. ఒకటి కాదు, వరసగా డజను. చూసినవాళ్ళందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ రోజు భోజనాల దగ్గర ఆయన ఫోను బోర్లించి పెట్టడం చూశాను. అప్పటివరకూ ఆయన ఫోను ఎప్పుడూ బోర్లించలేదు.

మా ఆడపడుచు భర్తకి హనుమాన్ జంక్షన్లో ట్రాక్టరు విడిభాగాల కొట్టు ఉంది. నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను. మనిషి కబుర్లపోగు, కానీ ఆ కబుర్లలో సూదులుంటాయి. గ్రూపులో ఫొటో చూసి మర్నాడే దిగారు. "ఏం బావా, నీళ్ళకి లస్కరమ్మగారికి అర్జీ పెట్టుకున్నావంట" అన్నారు కాళ్ళు కడుక్కుంటూనే. తరవాత ఆమె రంగు గురించి, మసిబొగ్గుకి పెత్తనమా అని ఇంకేదో అన్నారు. మా ఆయనదీ చేలో మాడిన రంగే. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఒంటిరంగు చూసి ఎవరు ఎవరో చెప్పమంటే మా అన్నయ్యగారు కూడా చెప్పలేరు. ఆ మాటే అన్నాను. ఇద్దరూ నా వంక చూసి, మళ్ళీ వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు.

ఆమెని బదిలీ చేయించడానికి ఇద్దరూ విజయవాడ వెళ్ళారు, తెలిసిన నాయకుడి దగ్గరికి. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసిచ్చాను. సాయంత్రం వచ్చేసరికి చొక్కా నలిగిపోయింది, మొహం అంతకంటే నలిగింది. వరండాలో మూడు గంటలు నిలబెట్టారట. కుర్చీలున్నాయి గానీ కూర్చోమనలేదట. చివరికి లోపలికి పిలిచి, మొగుడు పోయిన మనిషికి ఇచ్చిన ఉద్యోగం, అందులోనూ ఆ వర్గం, దాని జోలికెళ్తే నా మెడకి చుట్టుకుంటుంది, చిన్న విషయం మీరే చూసుకోండి అని పంపేశాడట. ఈ ముక్కలన్నీ అన్నయ్యగారు చెప్పినవి. మా ఆయన వసారాలో మేకు ఎదురుగా కూర్చున్నారు. అన్నయ్యగారు వెళ్ళాక ఒక మాట అడిగారు.

"నిన్నెవరు సంతకం పెట్టమన్నారే ఆ పుస్తకంలో?"

"మీరు పెట్టలేదుగా" అన్నాను.

"అందుకే పెట్టావా?"

నా దగ్గర జవాబు ఉంది. నోటి దాకా వచ్చింది కూడా. ఆయన గొంతులో కోపం లేకపోవడం చూసి ఆగిపోయాను. కోపముంటే నాకు భయం లేదు, తిరిగి అరవగలను. ఆ రోజు నుంచి ఇంట్లో అరుపుల్లేవు. తలుపు గట్టిగా వెయ్యడం కూడా లేదు. ఆమెని స్కూటరెక్కించుకోవద్దని కూడా ఆయన అనలేదు, అంటారని ఎదురు చూశాను.

ఆ దసరాకి ఆయుధపూజలో హ్యాండిలు లేదు. ట్రాక్టరుకి బొట్టు పెట్టాక మా ఆయన పసుపు గిన్నెతో వసారాలోకి వచ్చి, అలవాటు కొద్దీ గోడవైపు తిరిగి, ఒక్క క్షణం ఆగి, ట్రాక్టరు పనిముట్ల డబ్బా తెరిచారు. అందులోంచి పెద్ద స్పానర్ తీసి దానికి పసుపు రాశారు. కుంకుమ పెట్టారు. కొబ్బరికాయ దాని ముందు కొట్టారు. అన్నయ్యగారు పక్కనే నిలబడి ఉన్నారు, ఆ రోజు ఆయన కబుర్లేమీ చెప్పలేదు.

సెలవులైపోయి, చేలు పొట్ట మీదికొచ్చాయి, కంకి వేసే దశ. ఇక వరికి నీళ్ళే ప్రాణం. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి శివారు వంతు మొదలవుతుంది. శివారులో కౌలు చేసుకునేవాళ్ళే ఎక్కువ. నాకు తెలిసి మా హ్యాండిలు హయాంలో ఆ చేలు సరిగ్గా పండిన ఏడు లేదు. ఆ ఏడు, నీళ్ళు లేని ఏడు, మొదటిసారి శివారు చేలు పచ్చగా ఉన్నాయి. గట్టు మీద వెళ్తుంటే నా కళ్ళతో చూశాను.

ఆ ఆదివారం పొద్దున్నే అన్నయ్యగారు వచ్చారు. పది గంటలకి ఇద్దరూ మోటారు సైకిలు మీద వెళ్ళారు. ట్రాక్టరు షెడ్డులోనే ఉంది. పనిముట్ల డబ్బా మూత తీసి ఉంది. పదకొండున్నరకి వచ్చారు, ఇద్దరూ మళ్ళీ స్నానాలు చేశారు. చొక్కాలు మార్చారు. కోడికూర వండమంటే వండాను. తింటున్నంతసేపూ మా ఆయన గోడ గడియారం వంక చూస్తున్నారు. మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ఎవరన్నా వస్తున్నారా అని అడిగాను. ఎవరొస్తారు మనింటికి అన్నారు అన్నయ్యగారు, నవ్వారు. మా ఆయన నవ్వలేదు.

గిన్నెలు సర్ది బట్టలు మిషన్లో వెయ్యబోయాను. జేబులు తడమడం నా అలవాటు, ఆయన జేబుల్లో ఎరువుల బిల్లులూ చిల్లరా ఉంటాయి. పొద్దుటి చొక్కా జేబు బరువుగా ఉంది. చెయ్యి పెడితే రెండు బోల్టులు, నట్లతో సహా. వేలంత లావు. పైన తుప్పు, మరల్లో కొత్తగా పోసిన గ్రీజు. ట్రాక్టరు బోల్టులు నాకు తెలుసు, అలా ఉండవు. ఇవి ఎక్కడివో కూడా నాకు తెలుసు. ప్రతిరోజూ ఆమెని దించేచోట అవి నా కళ్ళెదుటే ఉంటాయి. తూము మీద అడ్డంగా ఒక బల్ల, ఆ బల్ల మీద నిలబడి షట్టరు తిప్పాలి. బల్లకి రెండు వైపులా రెండేసి బోల్టులు. బల్ల కింద నీళ్ళు సుడి తిరిగి తిరిగి గొయ్యి పడింది. అందులో ఒకసారి గేదె పడితే మూడో రోజు దూరాన తేలింది.

గడియారం చూశాను. మూడుకి పది నిమిషాలు. ఫోను తీశాను. అప్పుడు తెలిసింది, రెండు నెలలుగా నా స్కూటరెక్కిన మనిషి నంబరు నా దగ్గర లేదు. అడగాలని ఒక్కసారీ తోచలేదు.

బోల్టులు గుప్పిట్లో పెట్టుకుని, పైట కప్పుకుని వసారాలోకి వచ్చాను. పంచదార అయిపోయింది, కొట్టుకెళ్ళొస్తాను అన్నాను. మా ఆయన కుర్చీలో ఉన్నారు. సాయంత్రం తెచ్చుకోవచ్చుగా అన్నారు. టీకి లేదు అన్నాను. ఆయన నా మొహం చూశారు, నా పైట చూశారు.

"ఊళ్ళో కొట్టుకేగా?"

"ఊళ్ళో కొట్టుకే."

ఎడమ చేత్తో స్కూటరు హ్యాండిల్ పట్టుకుని, కుడి గుప్పిట్లో బోల్టులు అలాగే ఉంచుకుని బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఎక్సలేటరు తిప్పుకుంటూ ఎలా వెళ్ళానో నాకే తెలీదు. గట్టు ఎక్కాక ఇంకా వేగం పెంచాను. దేవుడా, టైము కంటే ముందు ఎక్కకుండా చూడు, నేను వెళ్ళేదాకా ఎక్కకుండా చూడు అని పైకే అనుకుంటున్నాను. ఇంకో పక్క, మనసులో, ఇంకో లెక్క నడుస్తోంది. చెప్తే ఏమవుతుంది? కేసవుతుంది. ఆ వర్గం మనిషి మీద హత్యాయత్నం, బెయిలు కూడా రాదంటారు. నా మొగుడు జైలుకి. బళ్ళో పిల్లల ముందు నేను. పాడు బుద్ధి, అంత పరుగులోనూ ఆ లెక్క ఆగలేదు.

ఆమె గట్టు మీద సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో నోటుపుస్తకం. బతికే ఉంది. స్కూటరు స్టాండు వేసి, గుప్పిట పైట కింద దాచుకున్నాను. తూము వైపు చూస్తే బల్ల ఒక చివర కొత్త తాడుతో గట్టిగా కట్టి ఉంది. షట్టరు అప్పటికే దించేసింది. నీళ్ళు శివారు పాయలోకి మళ్ళాయి.

"ఏంటండీ టీచరుగారూ, ఆదివారం పూట?" అంది.

ఊరికే, ఇటు పనుండి వచ్చానన్నాను. ఆమె నన్ను కాసేపు చూసింది. తరవాత బల్ల వైపు చూపించింది.

"రెండు బోల్టులు తీసేశారండి. ఎక్కుంటే పోయేదాన్ని."

"మరి... ఎలా తెలిసింది నీకు?"

"రోజూ చూసుకునే ఎక్కుతానండి. హ్యాండిలుతో నాలుగు మూలలా కొట్టి చూసి ఎక్కుతాను, వచ్చిన మొదటి రోజు నుంచీ. మా ఆయన ఎప్పుడూ చూసుకోలేదు, ఆయన్నెవరేం చేస్తారు. ఆయన పెద్దోళ్ళు చెప్పినట్టు వినేవాడు కదండీ."

ఏ కోపమూ లేకుండా చెప్పింది. మొదటి రోజు నుంచీ అట. నా స్కూటరు దిగి, వెళ్ళొస్తానండీ అని చెప్పి, నేను మలుపు తిరిగాక రోజూ ఈ మనిషి చావు ఉందో లేదో కొట్టి చూసుకుని పనిలోకి ఎక్కుతోంది. రెండు నెలల్లో ఒక్కరోజు నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఆమె నోటుపుస్తకం నా ముందు పెట్టింది. గుండ్రటి అక్షరాలతో రాసుకుంది, మూడు గంటలకి షట్టరు దించినట్టు, బల్లకి రెండు బోల్టులు లేకపోవడం గమనించినట్టు. కింద ఖాళీ గీత గీసింది.

"మీరు చూశారు కదండీ, బల్ల ఎట్లా ఉందో. సాక్షి కింద ఒక సంతకం పెట్టండి. నేనొక్కదాన్ని చెప్తే నమ్మరు. ఎవరు తీశారో రాయొద్దు, లేవు అని రాస్తే చాలు."

పెన్ను అందించింది. సంతకం పెట్టాలంటే కుడి చెయ్యి చాపాలి. గుప్పిట విప్పాలి. బళ్ళో పిల్లలకి నిజం చెప్పడం గురించి ఎన్ని వ్యాసాలు రాయించానో, తప్పులు దిద్దానో. ఆ చెయ్యే ఇది. పైట కింద బోల్టు మర అరచేతిలో గుచ్చుకుంటోంది. ఆమె పెన్ను చాపే ఉంచింది.

"కళ్ళజోడు తెచ్చుకోలేదు" అన్నాను.

కళ్ళజోడు నా మొహం మీదే ఉంది.

ఆమె పెన్ను వెనక్కి తీసుకుని క్యాపు పెట్టింది. పుస్తకం సంచిలో పెట్టుకుంది. సంచిలోంచే ఒక పాతగుడ్డ తీసింది, హ్యాండిలు తుడుచుకునే గుడ్డ, నా వైపు చాపింది.

"మీ పైటకి గ్రీజంటిందండి టీచరుగారూ. ఆరితే పోదు, ఇప్పుడే తుడుచుకోండి."

ఎడమ చేత్తో అందుకున్నాను. కుడి చెయ్యి బయటికి రాలేదు. ఆమె అటు తిరిగి నీళ్ళ వంక చూస్తూ నిలబడింది, నేను వెళ్ళేదాకా ఇటు తిరగలేదు. అరిచినా, తిట్టినా, నీ మొగుడే కదూ అని అడిగినా ఇంత సిగ్గు ఉండేది కాదు. సిగ్గంటే ఏమిటో నాకు నలభై నాలుగేళ్ళకి తెలిసింది.

ఇంటికి వచ్చేసరికి ఇద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు. పంచదార ఏదీ చెల్లెమ్మా అన్నారు అన్నయ్యగారు. టీపాయి మీద రెండు బోల్టులూ పెట్టాను. ఒకటి దొర్లి మా ఆయన కాలి దగ్గర పడింది. అన్నయ్యగారు లేచి, కొట్టు దగ్గర పనుందని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

మా ఆయన వంగి బోల్టు తీసుకున్నారు. రెండోది కూడా తీసుకుని, నట్టు బిగించి జేబులో వేసుకున్నారు. నేను అరిచాను. నాకొచ్చిన మాటలన్నీ అరిచాను, ఆ మింగిన మాటతో సహా. మనిషిని చంపబోయారు, ఒక ఇనప ముక్క కోసం, వాకిట్లో నలుగురు నిలబడటం కోసం అన్నాను. మీరు తింటున్నది నా అన్నం అని కూడా అన్నాను. ఆయన అంతా విన్నారు. అయిపోయిందా అన్నట్టు చూసి, ఒకటే అడిగారు.

"ఆ చొక్కా ఉతకమని నేను చెప్పానా?"

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. కేసు లేదు, గొడవ లేదు. ఆఫీసు వాళ్ళు బల్ల తీసేసి ఇనప రేకు వేసి వెల్డింగు చేశారు. ఆమె ఉద్యోగం చేస్తూనే ఉంది, శివారు పండుతూనే ఉంది. ఆ ఆదివారం మర్నాడు ఉదయం గట్టు మీద నడుస్తూ కనపడితే స్కూటరు ఆపాను. "నడుస్తానండి" అంది. అప్పట్నుంచి నడుస్తూనే ఉంది. నేను పక్కనుంచి పోతాను. దుమ్ము లేవకుండా నెమ్మదిగా పోతాను, నాకు చేతనైంది అంతే.

వసారాలో మేకు అలాగే ఉంది. మా ఆయన అరవరు, అలగరు, అడిగింది తెచ్చిపెడతారు. కిందటేడు నా స్కూటరు ఆయనే సర్వీసుకి ఇచ్చి తెచ్చారు. రోజూ ఉదయం నేను బయల్దేరుతుంటే బ్రష్షు నోట్లో పెట్టుకుని గేటు దాకా వచ్చి, గట్టు మీద జాగ్రత్త అంటారు, ఎప్పటిలాగే. నేను సరేనండీ అంటాను. స్కూటరు స్టాండు మీదే ఉంచి ముందు బ్రేకు నొక్కి చూస్తాను, వెనక బ్రేకు నొక్కి చూస్తాను, వంగి చక్రాల నట్లు నాలుగూ వేలితో తడిమి చూస్తాను. అప్పుడు ఎక్కుతాను. ఆయన గేటు పట్టుకుని ఇదంతా చూస్తూనే ఉంటారు. ఏం చూస్తున్నావని ఒక్కరోజు కూడా అడగలేదు.